అందరూ మారారు

"మీటరు చూపిస్తారా అండీ?" అన్నాడు తలుపు బయటి మనిషి.

"మీ టవలు చూపిస్తారా అండీ?" అని వినబడింది లోపల కూర్చున్న ఓయికావా చిజురుకి.

అలా వినబడటంలో ఆమె చెవుల తప్పేమీ లేదు. పొద్దుటినుంచీ ఆమె టవళ్ల మధ్యే ఉంది. కొత్త ఇంట్లో దిగినవాళ్లు సామాను విప్పుకునే లోపలే ఇరుగుపొరుగు తలుపులు తట్టి, చిన్న కానుక చేతిలో పెట్టి, "ఇకమీదట మీ దయ" అని నడుం వంచాలి. అది చేయనివాళ్లు ఆ మెట్ల మీద ఎన్నేళ్లు ఎక్కిదిగినా కొత్తవాళ్లే. చిజురు ఒక్కో టవలునీ తెల్ల కాగితంలో చుట్టి, పైన తన పేరు రాసి సిద్ధంగా పెట్టుకుంది. ఎవరో పెద్దమనిషి కబురు తెలిసి ముందే వచ్చేశాడనుకుని, గబగబా తలుపు తీసి, వంగి, రెండు చేతులా ఒక టవలు అందించింది.

వచ్చినవాడు క్షణం తెల్లబోయాడు. తర్వాత టవలు పుచ్చుకున్నాడు. పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ చేతుల్ని చూడాలి. తమది కానిదాన్ని అందుకుంటూ అవి కాస్తయినా తడబడలేదు.

టవలు కాదు, మీటరు అని తెలిశాక ఇద్దరూ నవ్వుకున్నారు. మాటలో పొరపాటు తీరింది గాని మనిషిలో పొరపాటు అలాగే ఉండిపోయింది. నీలం జాకెట్టు, మెడలో కార్డు, చేతిలో తెర వెలిగే పలక చూసి ఇతను ఈ బిల్డింగు తాలూకు మనిషేనని చిజురు తీర్మానించుకుంది. అవునని అతను అనలేదు. కాదనీ అనలేదు. పేరు హిరాసె అన్నాడు. పాతికేళ్లుంటాయి. ముఖం మెరుస్తోంది, కొత్తగా తోమిన గిన్నెలాగా.

చిజురు సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకి వండిపెట్టింది. భర్త పోయాక ఇంటికప్పు మీది మంచు ఒంటరిగా తవ్వలేక, ఉత్తర జపాను నగరం మోరియోకా శివార్లలోని ఈ నాలుగంతస్తుల పాత బిల్డింగులో చిన్న వాటా తీసుకుంది. ఒకప్పుడు ఇక్కడ ఒక వాటాలో కిరసనాయిలు పొయ్యి అంటుకుని గోల అయింది. అప్పటినుంచి ఇక్కడ కిరసనాయిలు నిషేధం. మంట లేదు కనుక భయం లేదనుకున్నారు అందరూ. వెచ్చదనమంతా కరెంటే. అంటే ఆ తీగ చివర ఎవడున్నాడో వాడి చేతిలోనే అందరి చలికాలమూ ఉందన్నమాట.

"కరెంటు ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో మీరే ఎంచుకోవాలండి," అన్నాడు హిరాసె. "ఈ బిల్డింగులో అందరూ ఒకే కంపెనీకి మారారు. మీ ఒక్కరిదే మిగిలింది."

మీ ఒక్కరిదే. చిజురు వీపు మీద ఎవరో మంచుగడ్డ జార్చినట్టయింది. వచ్చిన మొదటిరోజే నలుగురికీ అడ్డం పడ్డ మనిషినవుతానా అనుకుంది. రేట్లు ఎలా ఉంటాయని మాత్రం అడిగింది. బజారు ధరతో పాటే నడుస్తాయి, ఇప్పుడు బాగా తక్కువ అన్నాడు. అది నిజమే. అప్పుడు ఆకురాలే కాలం. అతను చాపిన పలక మీద ఆమె వేలితో పేరు గీసింది. సంతకంలోనే సంత ఉంది. చూసుకోకుండా పెడితే అమ్ముడుపోయేది మనమే.

"ఈ కానుకలన్నీ మీరే మోస్తారా? ఇటివ్వండి. నేనూ అందరినీ ఓసారి కలవాలి," అన్నాడు హిరాసె సంచీ అందుకుంటూ.

చిజురుకి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడి మనిషే వెంటబెట్టుకుని పరిచయం చేస్తుంటే అంతకన్నా ఏం కావాలి?

పక్క వాటాలో సుగవారా తోకుజి ఉంటాడు. ఎనభై దాటిన ఒంటరి మనిషి, ఒకప్పుడు రైళ్లు నడిపినవాడు. టవలు విప్పి, వేళ్లతో నలిపి చూశాడు.

"ఇంత మెత్తనిదా? దీంతో ఒళ్లు తుడుచుకుంటే ఒళ్లే సిగ్గుపడుతుందమ్మా," అన్నాడు. ఆమె వెనక సంచీతో నిలబడ్డవాణ్ని చూసి, "మంచి కుర్రాడు," అన్నాడు.

"అవునండి, చాలా సాయంగా ఉన్నాడు," అంది చిజురు.

ఆమె తర్వాతి గుమ్మానికి కదిలింది. హిరాసె ప్రతి తలుపు దగ్గరా ఒక నిమిషం వెనకబడేవాడు. "మీ మీటరు చీటీ ఒక్కసారి" అనే మాట ఆమె చెవిన పడుతూనే ఉంది. బిల్డింగు పనులేవో అనుకుంది. ఆఖరి టవలు నివాసుల సంఘం పెద్ద ఇవాబుచి గారికి అందింది. ఆవిడ గొంతు పై అంతస్తులో దగ్గితే కింది అంతస్తులో కప్పులు కదులుతాయి. ఆవిడ కూడా ఎందుకో ఆ రోజు నెమ్మదిగా నవ్వి ఊరుకుంది.

జనవరిలో మంచు తెరిపి లేకుండా పడింది. మంచు పడితే దేశమంతా హీటర్లు వేస్తుంది. అందరూ వేస్తే బజారులో కరెంటు ధర లేస్తుంది. ధర లేస్తే దాంతో పాటు నడుస్తానన్న ఒప్పందం నడవడం మానేసి పరుగెత్తుతుంది. వెలుగులో వెల ఉందని చిజురుకి ఆ నెల బిల్లు చూశాకే అర్థమైంది. పెద్ద గదిలో హీటరు ఆపింది. తర్వాత చిన్న గదిలోనూ ఆపి, దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కింద కాళ్లు పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. తనొక్కతే సరిగ్గా వాడుకోవడం చేతకాక ఇంత తగలేస్తోందనుకుంది. అందరికీ ఇదే రేటు కదా, ఎవరూ కిక్కురుమనడం లేదు కదా.

ఎవరూ కిక్కురుమనలేదు. అదే భయంకరమైన సంగతి. మెట్ల మీద ఎదురైతే "చలిగా ఉంది కదండీ" అంటే "అవునండీ, చలిగా ఉంది" అనుకునేవారు. బిల్లు మాట ఎత్తితే అవతలివాళ్ల సంచీలో చెయ్యి పెట్టినట్టు. సాయంత్రమయ్యేసరికి కిటికీలు ఒక్కొక్కటే ముందుగా చీకటి పడటం మొదలైంది. బయటినుంచి చూస్తే సగం బిల్డింగు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టుండేది.

ఒకరోజు వండిన ముల్లంగి కూర ఇద్దామని చిజురు సుగవారా తలుపు తట్టింది. ఆయన ఓవరుకోటు, ఉన్ని టోపీతో తలుపు తీశాడు.

"బయటికి వెళ్తున్నారా?"

"లేదమ్మా. ఇంట్లోనే రైలెక్కాను. స్టేషను వచ్చేదాకా టోపీ తియ్యకూడదు," అన్నాడు. ఆయన నవ్వితే నోటినుంచి ఆవిరి వచ్చింది. ఆయన నిలబడింది ఇంటి లోపల.

అడుగుదామని నోరు తెరిచింది. అడిగితే ఆయన లేమిని ఎత్తి చూపినట్టవుతుందేమోనని, కూర గిన్నె చేతిలో పెట్టి, వంగి, వచ్చేసింది. మర్యాద అనే పరదా చాలా మంచిదే. కాని దాని వెనక ఎవరైనా పడిపోతే కనబడదు.

రెండు వారాలకి, రాత్రంతా మంచు కురిసిన ఒక ఉదయం, బిల్డింగువాళ్లంతా పారలతో కిందికి దిగారు. ఎప్పుడూ అందరికన్నా ముందు దిగి దారి తవ్వేది సుగవారాయే. ఆ రోజు దారి మీద ఒక్క పారగాటు కూడా లేదు. ఇవాబుచి గారు ఒక్క మాటా మాట్లాడకుండా పైకి నడిచింది. ఆవిడ మాట్లాడకపోవడం చూసి చిజురు కూడా పార వదిలేసి వెంటపడింది. పిలిచారు. తట్టారు. చివరికి సంఘం దగ్గరున్న తాళంచెవితో తెరిచారు.

గదిలోకి అడుగు పెడితే బయటే నయమనిపించింది. కెటిలు మూతి చుట్టూ సన్నటి మంచుపొర కట్టింది. సుగవారా ఉన్న బట్టలన్నీ మీద వేసుకుని పరుపు మీద ముడుచుకుని ఉన్నాడు. వణకడం లేదు. ఒళ్లు వణకడం కూడా మానేసిందంటే దానికి ఇక ఓపిక లేదన్నమాట. ఇవాబుచి గారు అంబులెన్సుకి ఫోను చేస్తుంటే, చిజురు తన ఇంట్లోని దుప్పట్లు తెచ్చి ఆయన చుట్టూ చుట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. ఆయన కళ్లు కొంచెం తెరిచాడు. మాట ముద్దగా వచ్చింది.

"మీ మేనల్లుడికి చెప్పకమ్మా. పాపం, బాధపడతాడు."

"ఏ మేనల్లుడండీ?"

"సంచీ మోసుకొచ్చాడే. కరెంటబ్బాయి."

చిజురుకి మేనల్లుళ్లు లేరు. తోబుట్టువులే లేరు. 

ఆ సాయంత్రం ఆసుపత్రినుంచి కబురొచ్చింది. ప్రాణానికి భయం లేదు, కుడికాలి వేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇవాబుచి గారు అందర్నీ కింది హాల్లో కూర్చోబెట్టింది. చిజురు లేచి నిలబడి, అతను తనకి ఏమీ కాడని, ఈ బిల్డింగు మనిషనుకునే వెంట నడిచానని చెప్పింది.

"మేం మీ మనిషనుకున్నాం," అంది ఇవాబుచి గారు. ఆ పెద్ద గొంతు సగమైపోయింది. "కొత్తగా వచ్చినావిడ కానుక పట్టుకుని గుమ్మంలో వంగితే, ఆవిడ వెనకున్న కుర్రాణ్ని కాదు పొమ్మని ఎలా అంటాం? మీ ముఖం చూసి చీటీ తీసిచ్చి, పలక మీద సంతకం పెట్టాం."

"అందరూ అప్పటికే మారారని చెప్పాడండీ నాతో."

"మీకన్నా ముందు ఎవరు మారారు?"

మూడో అంతస్తు ఆయన తను కాదన్నాడు. ఆయన పక్కావిడ తనూ కాదంది. అలా మాట హాలంతా తిరిగి, చివరికి చిజురు దగ్గరికే వచ్చి ఆగింది. ఆ 'అందరూ' అనేవాళ్లు ఎంత చెయ్యి చాపినా ఎవరికీ అందరు. మొదటి మనిషి ఆమే. ఆమె వంగిన నడుమే అతనికి మెట్టు. ఒక్కొక్క తలుపూ తెరుచుకున్నకొద్దీ అతని అబద్ధం నిజమవుతూ వచ్చింది.

"మొదటి వారంలోనే ఒక్కరు పక్కింటివాళ్లని అడిగి ఉంటే, చట్టం ఇచ్చే ఎనిమిది రోజుల గడువులోనే అందరం ఒక కార్డుముక్క రాసి రద్దు చేసుకునేవాళ్లం," అంది ఇవాబుచి గారు. "ఇదిగో, ఎదురు బిల్డింగు ముందు ఇవాళ మధ్యాహ్నం సామాను లారీ ఆగింది. దాని పక్కనే నీలం జాకెట్టు ఒకటి నిలబడి ఉందట."

కొందరు లేచి కిటికీ వైపు చూశారు. చిజురు కిటికీ వైపు చూడలేదు. కోటు తొడుక్కుంది.

"అక్కడ కొత్తగా దిగినవాళ్లకి నేనే వెళ్లి చెబుతాను," అంది. "మీరూ తెలిసినవాళ్లందరికీ చెప్పండి. గుమ్మంలో నిలబడి సంతకం పెట్టొద్దు. ఎవడైనా అందరూ మారారంటే, తలుపు వేసి, పక్కింటి తలుపు తట్టి, మీరు మారారా, బిల్లెంత వస్తోందని మొహమాటం లేకుండా అడగాలి. మనం అడక్కుండా దాచుకున్న మర్యాదకి ఒక మనిషి గడ్డకట్టుకుపోబోయాడు."