ఇంటర్వెల్ తర్వాత

బీడీల చాటను పక్కకు జరిపి యాదవ్వ సినిమా మొదలుపెట్టింది. కొమురవ్వ ఇంటి అరుగు మీద వాడలోని ఆడవాళ్లంతా చేరారు. నిర్మల్ టౌనుకు కొత్త సినిమా వచ్చినప్పుడల్లా అందరూ కలిసి టికెట్ కొని యాదవ్వను పంపుతారు. ఆమె చూసొచ్చి మర్నాడు చెబుతుంది. చెప్పేటప్పుడు చేతులు ఆగిపోతాయి కాబట్టి ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టిపెడతారు. ఫోన్లో చూడొచ్చు కదా అంటే, ఆకు పట్టిన చేత్తో ఫోనెట్లా పట్టుకుంటామంటారు. పైగా ఫోను యాదవ్వలా మధ్యమధ్య ఆగి తిట్టదు.

యాదవ్వ పొట్టి మనిషి. వేళ్లకు పొగాకు రంగు పట్టేసింది. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఈమధ్య నాలుగు మాటలకోసారి ఊపిరి అందక ఆగుతోంది. వినేవాళ్లు అదీ కథలో భాగమేననుకుంటారు.

ఆమె తీర్పుకు వాడలో తిరుగులేదు. దయ్యం సినిమా చూసొచ్చి, దయ్యం కంటే దాని అత్తే ఎక్కువ భయపెట్టిందని చెప్పింది. కొట్లాట సినిమాలో అంతమంది చచ్చినా ఒక్క ఇంటి ముందూ డప్పు మోగలేదేమని అడిగింది. నవ్వుల సినిమాలో తెర మీదివాళ్లే అంతా నవ్వేసుకున్నారట, జనానికి ఏమీ మిగల్చలేదట. ఎంత చెత్త సినిమా అయినా మధ్యలో లేచి వచ్చేది కాదు. పెండ్లికి పోతే అప్పగింతల దాకా ఉండాలనేది.

ఈసారిది ప్రేమకథ. పెళ్లయిన కొన్నాళ్లకే పిల్లవాడు దుబాయి పోతాడు. అతను విడిచిన చొక్కాను పిల్ల ఉతకకుండా దాచుకుంటుంది. ఇంటర్వెల్ దగ్గర ఫోన్ మోగుతుంది. పిండి చేతులతోనే పిల్ల పరుగెత్తుతుంది.

"ఎవలు చేసిన్రే?" అంది కొమురవ్వ.

యాదవ్వ ఊపిరి తీసుకుంది. "ఇంకెవలు, ఆడే. వొస్తున్ననే అన్నడు."

ఆ తర్వాత పిల్లవాడు వానలో బస్టాండులో దిగాడు. పిల్ల అలిగి తలుపు తీయలేదు. తీసేసరికి అతను చూరు కింద నిలబడే కునుకు తీస్తున్నాడు. అరుగంతా నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

కోమల మాత్రం తల వంచుకుంది. ఆమె వాడకు కొత్త కోడలు. నిన్న మొగుడి బండి మీద అదే సినిమాకు వెళ్లొచ్చింది. ఒకే మక్క కంకిని ఇద్దరూ చెరో కొస నుంచి తిన్నారు. తిరిగి వస్తుంటే చలికి అతని వీపుకు చెంప ఆనించింది. ఆ ముచ్చటంతా చెప్పుకోవాలని పొద్దుటి నుంచీ ఎదురుచూస్తోంది.

"నువ్వు గూడ చూసొచ్చినవట గదనే కోమలా. గిట్లనే ఉన్నదా?" అని కొమురవ్వ అడిగింది.

యాదవ్వ వెన్ను నిటారైంది. ఈ అరుగు మీద తన మాటను నమ్మని వాళ్లు లేరు. ఆ నమ్మకం తప్ప ఆమెకు చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ఇంటర్వెల్ తర్వాత చెప్పిందంతా తాను చూడని సగం.

"గిట్లనే అత్తా. లాస్టుకు మా ఆయిన గూడ ఏడ్సిండు" అంది కోమల.

"కొత్తల ఆళ్లే ఏడుస్తరు. పాతగైనంక మనల ఏడిపిస్తరు" అంది కొమురవ్వ. నవ్వుల్లో సినిమా సంగతి కొట్టుకుపోయింది.

మధ్యాహ్నం అందరూ తిండికి లేచారు. యాదవ్వ కోమలను కొంగు పట్టి ఆపింది. ఇంటర్వెల్‌కే బయటికొచ్చి, ఆట వదిలేదాకా సైకిల్ స్టాండు దగ్గర కూర్చున్నానని చెప్పింది. ఆ ఫోన్ మోగగానే అది ఏ కబురో ఆమెకు తెలిసిపోయింది. ఆమె భర్త రాయమల్లు దుబాయిలో చనిపోయినప్పుడూ అలాంటి ఫోనే వచ్చింది. తర్వాత పెట్టె వచ్చింది. చాలా రోజులైందని మూత తీయనివ్వలేదు.

"సచ్చిపోయిండా పిలగాడు?"

కోమల తలూపింది.

"జెప్పు బిడ్డా. అంత జెప్పు."

ఎప్పుడూ చెప్పడమే తప్ప వినడం ఎరగని యాదవ్వ, గోడకు ఆనుకుని వింది. సినిమాలోనూ పెట్టె వచ్చింది. పిల్ల పట్టుబట్టి మూత తెరిపించింది. అతని జుట్టు సర్దింది.

"మొకం చూసిందా?"

"చూసిందత్తా. శానసేపు."

"అదృష్టమంతురాలు."

యాదవ్వ ఎప్పటిలాగే తీర్పు చెప్పింది. "మంచి సిన్మానే. గని మనదే జర నయముండె."

కోమలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. యాదవ్వ చాటను ఒళ్లోకి లాక్కుంది. ఇప్పుడెందుకత్తా, నీ వంతు మేం చుట్టినం గదా అంటే వినలేదు.

"సగమే చూసిన. గా సగం బీడీలు నేనే చుడత. నువ్వు పొయి జరంత చాయ్ పెట్టుకరా."

కోమల చాయ్ తెచ్చేసరికి యాదవ్వ తల గోడకు వాలి ఉంది. నిద్ర పట్టిందనుకుంది. పిలిచింది. భుజం తాకింది. గ్లాసు అక్కడే పెట్టి కొమురవ్వ కోసం లోపలికి పరుగెత్తింది. కొమురవ్వ వచ్చి, ముక్కు దగ్గర వేలు ఉంచి చూసి, చాటను యాదవ్వ ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

అందులో ఆమె చుట్టిన బీడీలు కొన్ని ఉన్నాయి. చివరిదానికి ఇంకా దారం కట్టలేదు. ఆకు మెల్లమెల్లగా విచ్చుకుంటూ, పొగాకు కొద్దికొద్దిగా చాటలోకి రాలుతోంది.