పట్టా నెత్తిన తుప్పు

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫ్యాను చప్పుడులో సగం మాట గాలికి పోతుంది.

ఒక అత్తగారు, ఒక అల్లుడు, మధ్యలో ఒక గది. గది అత్తగారిది. ముప్పై ఏళ్లు రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసి, కంకర ఎత్తి, సుత్తి కొట్టి, నడుం వంగిపోయాక కూతురి ఇంట్లో దక్కిన కిటికీ గది. ఆ గదిలోకి అల్లుడి బొమ్మ రైలు, పట్టాలు పరిచిన పెద్ద బల్లతో సహా వచ్చి దిగింది. ఆమె మంచం వంటింటి పక్క నడవలోకి పోయింది. కాళ్లు చాపితే తలుపు, ముడుచుకుంటే మోకాళ్ల నొప్పి.

అల్లుడు బీమా ఆఫీసులో కాగితాలకు పిన్నులు కొట్టే మనిషి. అసలు పట్టా మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. అయినా ఆ బల్ల ముందు కూర్చుంటే రైళ్లు తనే కనిపెట్టినంత ఫోజు. "అత్తయ్యా, ఇక్కడ తుమ్మకండి, కంకర ఎగిరిపోతుంది" అనేవాడు. తుమ్ముకి ఎగిరిపోయేది కంకరట! ఆమె మూతి తిప్పుకుని వెళ్లిపోయేది.

ఒక్కటే ఆశ. ఆదివారం బొమ్మ రైళ్ల క్లబ్బు పెద్దాయన చూడటానికి వస్తున్నాడు. నచ్చితే బల్లతో సహా క్లబ్బు హాలుకు ఎత్తుకుపోతారు, ఇక తిరిగి రాదు. నచ్చకపోతే గదిలోనే పాతుకుపోతుంది. అందుకని, మొహం చూస్తేనే ఒళ్లు మండే ఆ అల్లుడే నెగ్గాలని ఆమె కోరుకోవలసి వచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

శనివారం అల్లుడు కుంచె పట్టుకుని అడిగాడు. "అత్తయ్యా, మీరు పట్టాలు ఊడ్చేవారు కదా, అవి ఏ రంగులో ఉంటాయి?"

"ఊడవడమా! చీపురుతో రైళ్లు నడిపామా బాబూ? పక్కలు తుప్పు రంగే, ఇటుక పొడి పులిమినట్టు. కాని పైన..."

"చాలు చాలు, తుప్పు. అర్థమైంది."

"ఏవండీ, అమ్మను పూర్తిగా చెప్పనివ్వండి" అంది వంటింట్లోంచి కూతురు.

"మీ అమ్మ పూర్తి చేసేసరికి ఈ రైలు వచ్చే ఏడాది బయల్దేరుతుంది" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. ఇంకెవరు నవ్వుతారు గనక!

ఆదివారం పెద్దాయన వచ్చాడు. అల్లుడు ఇస్త్రీ చొక్కాలో నిలబడి మీట నొక్కాడు. ఇంజను కదల్లేదు. మళ్లీ నొక్కాడు. తీగలు పీకాడు, పెట్టాడు. చొక్కా తడిసింది.

"నిన్న పొద్దున గుర్రంలా పరిగెత్తిందండీ!"

పెద్దాయన లేవబోయాడు. అత్తగారికి నడవలో మంచం కళ్లముందు మెదిలింది. గబగబా వచ్చి బల్ల మీదికి వంగింది. పట్టాల పక్కలు తుప్పు రంగు, పైనా తుప్పు రంగే పూసిపెట్టాడు. మనవరాలి పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు తీసుకుంది.

"అత్తయ్యా, ముట్టుకోకండి!"

"ముట్టుకోక దండం పెట్టమంటారా? తుప్పు నెత్తికెక్కిందంటే ఆ దారిన రైలు పోయి ఏళ్లయిందని. రోజూ చక్రం దొర్లే పట్టా పైన అద్దంలా మెరవాలి. పనికిరాని లైను తెచ్చి పరిచి, స్టేషను అంటారేం బాబూ?"

ఇంజను పక్కకు తీసి రెండు పట్టాలనూ జానెడు మేర రుద్దింది. రంగు పొట్టులా రాలి, వెండి గీత బయటపడింది. ఇంజను మళ్లీ పెట్టగానే జానెడు కదిలి ఆగింది. ఇంకాస్త రుద్దింది, ఇంకాస్త కదిలింది. కొంగు పట్టుకున్న పిల్లలా ఆమె చెయ్యి వెంటే బల్లంతా చుట్టి వచ్చింది.

"పైన రంగేస్తే చక్రాలకు కరెంటెలా అందుతుందయ్యా!" అని పెద్దాయన నవ్వి, కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "పక్కన తుప్పు, పైన మెరుపు. అచ్చం అసలు లైనే. ఎవరి ఆలోచన?"

"నాదేనండీ" అన్నాడు అల్లుడు, రెప్పైనా వెయ్యకుండా. "చివర్లో రుద్దుదామని ఆపాను. అత్తయ్యకు చెప్పే ఉంచాను."

పెద్దాయన ఆమె వైపు చూశాడు. ఆమె అల్లుణ్ణి ఎగాదిగా చూసింది, పట్టా మీద అడ్డంగా పడుకున్న మేకను చూసినట్టు.

"అవును బాబూ, అంతా ఆయన తెలివే. ఎప్పుడు పట్టుకెళ్తారు?"

మంగళవారం బల్ల పోయింది. ఆమె మంచం కిటికీ కిందికి వచ్చింది. క్లబ్బు హాల్లో అల్లుడి పేరు చెక్క మీద రాసి పెట్టారట. చూద్దాం రమ్మంటే మోకాళ్ల నొప్పులంది.

గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. రబ్బరు పట్టుకున్న చెయ్యి ఎవరిదో చెప్పడం మానకండి. అల్లుడి పేరేమిటని అడిగితే మాత్రం, మరిచిపోయామనండి.