ఎల్కతుర్తి లోడు

“చెయ్యి కడుక్కొని రా, దస్కతు పెట్టాలె.”

ఆరేళ్లలో లారీ సంగతి ప్రేమమ్మ దాకా వచ్చిందంటే ఈ ఒక్క మాట తోవనే వచ్చింది. ఆమె బూడిద చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చేసరికి భర్త అబ్రహాం కాగితాన్ని మడిచి, సంతకం పెట్టే జాగా మాత్రం కనబడేటట్టు పట్టుకునేవాడు. ఆమె పెట్టేది. మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివిన చెయ్యి, అక్షరం గుండ్రంగా, తొణక్కుండా పడేది. “నీ దస్కతు మంచిగుంటది” అనేవాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన ఆమెలో మెచ్చింది అదొక్కటే.

అబ్రహాం హుజూరాబాద్ తాలూకా కచేరీలో గుమాస్తా. సర్కారు కొలువు చేసేవాడు పక్కన వ్యాపారం పెట్టకూడదు. అందుకని లారీ, దాని పర్మిటు ప్రేమమ్మ పేరు మీద ఉన్నాయి. బండి వ్యవహారం చూసేది మరిది పేతురు. తోలేది మొండయ్య. లోడు కుదిర్చేది బజారులో ఆఫీసు పెట్టిన బ్రోకరు అంతయ్య. మరి ప్రేమమ్మ ఏం చేస్తుంది? అత్త ఎలీసబెతును అడిగితే “ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది” అంటుంది. ఇంట్లనే ఉండి పొద్దు పొడవకముందే మొండయ్యకు జొన్నరొట్టెలు కట్టాలి. లోడు మీద కప్పే తాడిపత్రి చిరిగితే గోనె సూదితో కుట్టాలి. ఫారాలు నింపాలి, ట్యాక్సు గడువు గుర్తుంచుకోవాలి, మరిది ఎక్కడో పారేసిన రసీదును బియ్యం డబ్బా వెనక నుంచి వెతికి తీయాలి. అంతయ్య వస్తే చాయ్ పెట్టాలి, పెట్టి లోపలికి పోవాలి. “సారూ, మీ ఇంటామె చాయ్ మంచిగ పెడ్తది” అని అతను అన్నప్పుడల్లా, తన లారీయే తన మొఖాన దుమ్ము కొట్టిపోయినట్టుండేది ఆమెకు.

తలుపు వెనక నిలబడే ఆమె ఆ వ్యాపారమంతా నేర్చుకుంది. వాళ్ల పర్మిటు కరీంనగర్ జిల్లాకే చెల్లుతుంది. వరంగల్ జిల్లాలో చక్రం పెట్టాలంటే టెంపరరీ పర్మిటు కావాలి, దానికి రెండు దినాలు ఆగాలి. అంతయ్యకు ఆగే ఓపిక ఎక్కడిది? హన్మకొండకు పోయే లోడుకైనా చీటీ మీద ఎల్కతుర్తి అని రాసేవాడు. ఆ తోవన మన జిల్లాలో చివరి పెద్ద ఊరు అదే. అతని చీటీలు నమ్మితే ఎల్కతుర్తివాళ్లు మూడు పూటలా పల్లికాయ తప్ప మరొకటి ముట్టరని అనుకోవాలి. ఆ ఊరు దాటాక పట్టుబడితే పాపం డ్రైవరుది.

పోయిన నెల పట్టుబడనే పడ్డారు. పల్లికాయ లోడు హన్మకొండకని వినగానే ప్రేమమ్మ టెంపరరీ పర్మిటు ఫారం నింపి పేతురు చేతిలో పెట్టింది. “గిది అయినంకనే బండి కదలాలె” అంది. “అట్లనే వదినె” అన్నాడు పేతురు. ఫారం జేబులో దోపుకుని నేరుగా మొండయ్య దగ్గరికి పోయి, “వదినె పొమ్మన్నది” అన్నాడు. ఎల్కతుర్తి దాటి వరంగల్ జిల్లాలో అడుగుపెట్టాక, హసన్‌పర్తి దగ్గర తనిఖీవాళ్లు బండిని ఆపారు. పర్మిటు ఎందుకు రద్దు చేయకూడదో కరీంనగర్ రవాణా కచేరీకి వచ్చి చెప్పుకోవాలని నోటీసు వచ్చింది, ప్రేమమ్మ పేరు మీద.

విచారణకు ముందురోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చి అన్నదమ్ములు అరుగు మీద ఉపాయం చేశారు. ఆమె గిన్నెలు తోముతోంది.

“చెయ్యి కడుక్కొని రా.”

ఈసారి ఆమె కాగితం మడత విప్పింది. లారీనీ పర్మిటునూ పేతురు పేరుకు మార్చమనే దరఖాస్తు అది.

“సదువుతున్నవేంది?” అన్నాడు అబ్రహాం.

“ఏడు సదివిన గద. ఎప్పుడన్న పనికి రావాలె.”

పేతురు నవ్వాడు. “నీకెందుకు వదినె గీ కచేరీల పరేషాన్? రేపు సారు అడిగితే, ‘ఆడిదాన్ని, నాకేం తెల్వది, డ్రైవరే నన్నడగకుంట తోలుకపోయిండు’ అను. మొండయ్య లైసెన్సు పోతె పోతది, పర్మిటు బతుకుతది. ఇంకో డ్రైవరు దొర్కడా?”

“ఏం తెల్వదని చెప్పుడు గూడ కష్టమేనా పిల్లా?” అంది లోపలి నుంచి అత్త.

“దస్కతు రేపు సారు ముందట పెడ్త” అని ప్రేమమ్మ కాగితాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

మర్నాడు బస్సులో ఆ మాటే నోట్లో అటూ ఇటూ తిప్పుకుంది. నాకేం తెల్వది. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది? ఆ మధ్య జనాభా లెక్కలాయన ఇంటికి వచ్చి ఈమె ఏం పని చేస్తుందని అడిగితే, అబ్రహాం “ఏం జెయ్యది” అన్నాడు. తాడిపత్రి ఒళ్లో పెట్టుకుని, వేలికి సూది గుచ్చుకుని రక్తం వస్తుంటే ఆమె కూడా తల ఊపింది. ఈసారి ఊపితే మొండయ్య బతుకు పోతుంది. తన రొట్టెల గుడ్డను వాగులో ఉతికి, ఆరబెట్టి తెచ్చిచ్చే మనిషి. ఊపకపోతే పర్మిటే పోవచ్చు, అప్పుడు ఇంట్లో తన గతేమిటి? పోనీ తాను మాత్రం కడిగిన ముత్యమా? వెనకటి ఎల్కతుర్తి లోడులన్నిటికీ రొట్టెలు కట్టిచ్చింది తనే. కచేరీ ముందు బస్సు దిగేసరికి, తన తప్పుతో సహా అంతా చెప్పేస్తే ఇక దాచుకోవడానికి ఏమీ మిగలదని తేలింది. అది తేలడమే ధైర్యంలా ఉంది.

కచేరీలో బల్ల వెనక అధికారి. గోడ వారన అన్నదమ్ములు. గుమ్మం బయట చెప్పులు విడిచి మొండయ్య.

“మీ లారీ పక్క జిల్లాలో దొరికిందమ్మా. మీకు తెలుసా?”

“తెల్సు సారూ.”

వెనక ఎవరో దగ్గారు. ఆమె ఆగలేదు. “గీ పారి నేను వద్దన్న. ఫారం నింపి మా మరిదికిచ్చిన. నేను పొమ్మన్ననని అబద్ధం జెప్పి తోలిచ్చిండు. మొండయ్య తప్పు లేదు. కని ఇంతకుముందు పోయిన లోడులు గూడ నాకు తెల్సు. నోరు మూసుకున్న, అది నా తప్పే. జుర్మానా నాకెయ్యున్రి.”

అధికారి కళ్లద్దాలు తీశాడు. “పర్మిటు మార్చుకుంటున్నారని మీ మరిది చెప్పాడే?”

ఆమె దరఖాస్తును బల్ల మీద పెట్టింది. “దస్కతు లేదు సారూ. పెట్టను.”

పేతురుకు ఓపిక చచ్చింది. “ఆమెకేం ఎరుక సారూ, బండి అసలు మా అన్నది...”

“మీ అన్నదా?” అధికారి కలం ఎత్తాడు. “ఆయన ఏం చేస్తారు?”

అవునంటే గుమాస్తా కొలువు అక్కడే ఊడుతుంది. అబ్రహాం తమ్ముడి వంక కాదు, భార్య వంక కాదు, నేల వంక చూశాడు.

“మా ఆమెదే సారూ” అన్నాడు. “బండి ఆమెదే.”

భయపడి చెప్పినా, ఆయన నోటి వెంట ఆ మాట వచ్చింది. కలం రాసుకుంది.

జుర్మానా వేసి, వచ్చే ఒకటో తారీకు నుంచి నెల దినాలు పర్మిటు నిలిపివేశారు. మొండయ్య లైసెన్సు జోలికి పోలేదు.

బయటికి రాగానే అబ్రహాం పళ్లు కొరికాడు. “నా ఇజ్జత్ బజార్ల వెట్టినవ్. పద, బస్సుకు టైమైతుంది. అవ్వ ఆకలితోని ఉంటది.”

“మీరిద్దరు వోండ్రి. డబ్బల బియ్యమున్నయ్, పొయ్యిల కట్టెలున్నయ్.”

తనిఖీ కోసం తెచ్చిన లారీ గోడ పక్కన నిలబడి ఉంది. ప్రేమమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. ఆరేళ్లుగా అది ఆమె బండి, ఎక్కడం మాత్రం అదే మొదలు. మొండయ్య కంగారుగా తన తువ్వాల తీసి సీటు దులిపాడు. లోపల డీజిలు వాసన, ఎండకు కాగిన ఇనుము వాసన. అద్దంలోంచి రోడ్డు చాలా దూరం కనబడింది.

“ఇంటికేనా అక్కా?”

“ముందుగాల అంతయ్య ఆఫీసుకు పోనియ్యి. ఇగ చీటీ నా ముందటనే రాయాలె.”