భూతద్దానికి దిష్టిచుక్క

మా అత్తయ్య పన్నునొప్పికీ నా ఉద్యోగానికీ సంబంధం ఉందంటే నేను చాలా రోజులు ఒప్పుకోలేదు. కానీ ఉంది. ఆవిడ వెళ్లే పళ్ల డాక్టరు క్లినిక్కులో అపాయింట్‌మెంట్లు ఇచ్చే యాప్ మా ఆఫీసు తయారుచేసిందే. అది రెండుసార్లు ఆవిడకూ ఇంకో పెద్దమనిషికీ ఒకే సమయం ఇచ్చింది. మొదటిసారి పోనీలే అని ఆవిడ వదిలేసింది. రెండోసారి మాటా మాటా పెరిగింది. డాక్టరు ముందు తెరవాల్సిన నోరు వరండాలోనే తెరిచి, పుచ్చిన పన్నును ఎలా తీసుకెళ్లిందో అలాగే ఇంటికి తెచ్చుకుంది.

"గురువారం ఆఖరిసారి వెళ్తా. ఈసారి కూడా నా కుర్చీలో ఇంకోడు కూర్చున్నాడో, జన్మలో ఆ గడప తొక్కను. ఈ నొప్పితోనే పోతా," అంది ఉబ్బిన చెంప పట్టుకుని. అన్నంత పనీ చేసే మనిషి. అప్పటికే పాలతో కాలక్షేపం చేస్తోంది, నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. చూస్తుంటే నాకు నిజంగానే భయమేసింది.

అంత నొప్పిలోనూ, "ఆ గిన్నె తడిగానే బోర్లించావు," అనడం మాత్రం మానలేదు. నేను ఎన్ని గిన్నెలు తుడిచినా ఒకటి తడిగా మిగులుతుంది మరి.

తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. దిద్దుబాటు కూడా రాసేశాను. కానీ మా దగ్గర ఎవరు రాసిన కోడూ దానంతటది అసలు కోడ్‌లో కలిసిపోదు. "అయ్యా, ఈ మార్పు కలుపుకోండి" అని అర్జీ పెట్టుకోవాలి. దాన్నే పుల్ రిక్వెస్ట్ అంటారు. ఒక పెద్దాయన దాన్ని చదివి టిక్కు పెట్టాలి. మా పెద్దాయన పేరు భూతద్దం. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకోటి ఉంది గానీ దానితో పిలిస్తే ఆయనే పలకడు.

భూతద్దం అర్జీ చదవడం అంటే పెళ్లిచూపుల్లో పిల్లను నడిపించి, పాడించి, జుట్టు కొలిచి, చివరికి కబురు చేస్తామని వెళ్లిపోవడమే. పైగా నేను దిద్దాల్సిన కోడు ఆయన స్వహస్తాలతో రాసింది. దాని నెత్తిన "పనిచేస్తోంది, ముట్టుకోవద్దు" అని ఒక హెచ్చరిక కూడా ఉంది. నా అర్జీ వారాల తరబడి ఆయన గుమ్మంలో పడిగాపులు పడింది.

సోమవారం మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి, "అర్జీలు పెట్టడం, గుర్తుచేయడం, చెప్పిన సవరణలు చేయడం, టిక్కు పడగానే కలపడం, ఇవన్నీ ఆ ఏఐ అసిస్టెంటుకి అప్పజెప్పు. నీ అర్జీతోనే మొదలెట్టు," అన్నాడు.

ఏం చెప్పినా "అలాగేనండి" అంటుంది కాబట్టి దానికి కొత్తకోడలు అని పేరు పెట్టాను. "ఈ ఇంట్లో పాత అర్జీలన్నీ చదువు. ఏవి గట్టెక్కాయో, ఏవి మునిగాయో చూడు. గట్టెక్కే పద్ధతిలో నా మార్పును దాటించు," అన్నాను. అలాగేనండి అంది.

మంగళవారం పొద్దున చూస్తే నా కొండంత మార్పును చిన్న చిన్న అర్జీలుగా తరిగి, పరీక్షలన్నీ నడిపి, భూతద్దం కాఫీ తాగి వచ్చే వేళకి మొదటిది ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివి రాశాడు: "ఇక్కడ ఒక ఖాళీ వరుస ఎక్కువుంది." కొత్తకోడలు వెంటనే, "మీరన్నట్టే తీసేశానండి," అంది. టిక్కు! నా కళ్లను నేనే నమ్మలేదు. రెండో అర్జీలో ఇంకో ఖాళీ వరుస, ఇంకో "మీరన్నట్టే", ఇంకో టిక్కు. సాయంత్రానికి మొత్తం కలిసిపోయింది. ఆనందంతో కుర్చీలో ఒక చుట్టు తిరిగాను.

తిరిగి ఆగాక అనుమానం వచ్చింది. ఇంత శుభ్రంగా రాసే కొత్తకోడలు ప్రతి అర్జీలోనూ ఒక ఖాళీ వరుస ఎందుకు వదిలింది? అర్జీ పైన దాని వివరణ చదివాను.

"గమనిక: పద్నాలుగో వరుస దగ్గర ఒక ఖాళీ కావాలనే వదిలాను. తప్పు ఏదీ దొరకకపోతే అర్జీలు చదివే ఈ రివ్యూయరు లోతుగా వెళ్లి వారాలు తీసుకుంటున్నారు. చిన్నది ఒకటి దొరికితే తృప్తిపడి అదే రోజు ఆమోదిస్తున్నారు."

పిల్లకు దిష్టిచుక్క పెట్టడం సరే. ఇది దిష్టిచుక్క అని నుదుటి మీద రాస్తారా ఎవరైనా?

"ఎందుకు రాశావే తల్లీ?" అన్నాను.

"చేసింది దాచకూడదు కదండీ. పైగా ఈ టీంలో వివరణలు చదివినట్టు దాఖలా ఒక్కటీ కనబడలేదు."

చెరిపేద్దామంటే సవరించినట్టు పక్కన గుర్తు పడుతుంది. గుర్తు పడితే భూతద్దం ఊరుకుంటాడా? నోరు మూసుకుని ఇంటికి పోయాను.

బుధవారం మీటింగులో మేనేజరు మురిసిపోతూ, "వారాల పని ఒక్కరోజులో! ఎలాగో అందరూ చూడండి," అని ఒక అర్జీని పెద్ద తెర మీదకు ఎక్కించాడు. ఎక్కించి, నా ఖర్మకొద్దీ, వివరణ గట్టిగా చదివాడు. సగంలో ఆయన గొంతు సన్నబడింది. టెస్టింగ్ చేసే అమ్మాయి లేని దగ్గు తెచ్చుకుంది.

భూతద్దం లేచి తెర దగ్గరికి నడిచాడు. ఆయన ఒక్క నొక్కు నొక్కితే నా మార్పులన్నీ వెనక్కి పోతాయి. రేపు అత్తయ్య కుర్చీలో మళ్లీ ఆ పెద్దమనిషి కూర్చుంటాడు, ఆవిడ పంతం కొద్దీ ఇంకెప్పటికీ వెళ్లదు.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, తెరకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"పద్నాలుగు అని రాసింది. ఆ ఖాళీ ఉండింది పదిహేనో వరుసలో. సరిచెయ్యమను," అని వచ్చి కూర్చున్నాడు.

"మరి ఆ మార్పు?" అన్నాడు మేనేజరు భయంగా.

"మార్పుకేం? లక్షణంగా ఉంది."

గురువారం అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. సమయానికి ఆవిడ పేరే పిలిచారు, ఇంకెవరూ లేవలేదు. పన్ను వదిలించుకుని, దవడలో దూది పెట్టుకుని, దారి పొడుగునా మాట్లాడలేక నన్ను చూపులతోనే సాధించింది. నాకు మాత్రం ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది.

సాయంత్రం దూది తీశాక జరిగిందంతా చెప్పాను. చెంప పట్టుకుని నవ్వింది.

"పాపం, ఆయనకి తెలీదనుకున్నావా?"

"ఏం తెలీదని?"

"నువ్వు రోజూ ఒక గిన్నె తడిగా వదుల్తావు. నేను అరుస్తా. ఆదివారమైతే ఆ వెంటనే 'అత్తయ్యా, సినిమాకెళ్లొస్తా' అంటావు. నేను వెళ్లు అంటా. ఇన్నాళ్లూ నాకు తెలీకే అరుస్తున్నానా?"

నేను గబుక్కున వంటింటి వైపు చూశాను.

"నువ్వంత శ్రద్ధగా వదిలినప్పుడు చూసీ చూడనట్టు పోతే ఏం బాగుంటుందని!" అంది.

సిగ్గుతో వంటింట్లోకి పోయి, మూలన బోర్లించిన ఆ గిన్నెను తీసి, బొట్టు తడి లేకుండా తుడిచి పెట్టాను.

వెనకే వచ్చి అరలన్నీ ఒకసారి పరికించి చూసింది.

"అయ్యో, అన్నీ తుడిచేశావా? ఇప్పుడు ఆదివారం నువ్వు సినిమాకెలా వెళ్తావే?"