జకరయ్య రాయించిన తల్లి

షిఫ్టు దిగి నంద్యాల నూలు మిల్లు గేటు దాటుతున్న జకరయ్య చప్పున ఆగిపోయాడు. ఆళ్లగడ్డ నుంచి చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చిన కన్నతల్లి దెబోరమ్మ, చెనిక్కాయల మూటతో ఎదురుగా నిలబడి ఉంది.

"కండ్లు మసకలైపోయినాయి నాయనా. కొడుకు మిల్లులో ఉంటే తల్లికి ఈఎస్ఐలో ఉత్తపుణ్యానికే చూస్తారంట గదా. పాస్టరయ్య చెప్పినాడు."

ఉన్న మాటే. పనిలో చేరిన కొత్తలోనే, పెళ్లాం బిడ్డలతో పాటు తన సంపాదన మీద బతికే తల్లి పేరు కూడా రాయిస్తే చాలు, జీతంలో పట్టుకునే చందాతోనే ఆమెకూ వైద్యం జరిగిపోతుంది. జకరయ్య కూడా తల్లి పేరు రాయించాడు. అదే వచ్చిన చిక్కు.

అతను ఇల్లరికం అల్లుడు. మగబిడ్డలు లేని అత్త కృపావతమ్మ పెళ్లినాడే సంఘం అందరి ముందూ, "ఈ పొద్దు నుంచి నువ్వే నాకు కొడుకువి" అని ఇల్లూ చేనూ అప్పజెప్పింది. మిల్లులో చేరేటప్పుడు అన్నం వడ్డిస్తూ, "తల్లి పేరు అడిగితే నా పేరే చెప్పు. ఆయాసంతో సస్తాండా. మీ అమ్మ గట్టి మనిషి గదా" అంది. జకరయ్య కాదనలేకపోయాడు. కాదనలేకపోయాడనడం మర్యాదకు; నిజానికి కాదనాలని అతనికి తోచనే లేదు. అమ్మకు జలుబైనా రాదని తనకు తానే సర్దిచెప్పుకుని, అత్తకు మందుసీసాలు మోసుకొచ్చి పెట్టాడు.

ఇప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఈఎస్ఐ ఆసుపత్రికి నడుస్తూ, అక్కడి గుమాస్తా సెలవులో ఉంటే బాగుండునని దారి పొడవునా ప్రార్థించాడు. అలాంటి ప్రార్థన ఏ దేవుడు వింటాడు? గుమాస్తా గురుస్వామి కుర్చీలోనే ఉన్నాడు.

"తల్లి కృపావతి అని ఉండాది. ఎవరికైనా తల్లి ఒకరే గదప్పా! ఈమె ఎవురు మరి?" అన్నాడు కళ్లద్దాల మీదుగా చూస్తూ. "తప్పు పేరు రాయించింటే ఇప్పుడే చెప్పు, మారుద్దాం. కాకపోతే మిల్లుకు తెలపాల. నీ ఉద్యోగానికి మాత్రం నాది పూచీ లేదు."

ఒక్క మాట చెబితే అమ్మకు చూపు దక్కుతుంది. జకరయ్య సిగ్గుతో చచ్చిపోతూ నేల చూపులు చూశాడు.

కొడుకు ముఖం కనపడకపోయినా దెబోరమ్మకు సంగతి అర్థమైంది.

"నేనా సామీ? వీని పెద్దమ్మను. నాకూ చూస్తారేమో అడుగుదామని వచ్చినా."

"పెద్దమ్మలకు లేదమ్మా."

"తెలీక వచ్చినాలే అప్పా."

బయటికొచ్చాక ఆమె నాలుగు తిట్టి ఉంటే జకరయ్య కాస్త తేరుకునేవాడు. "ఆ యమ్మకు ఆయాసం తగ్గిందా నాయనా?" అని అడిగింది. ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. "తగ్గిందిమా" అన్నాడు.

తల్లిని ఆళ్లగడ్డ బస్సెక్కించి దిగి, ఆమె కూర్చున్న కిటికీకి వెనక తట్టు నిలబడ్డాడు. ఆమెకు మసకగా కనిపించింది కిటికీకి ముందు తట్టు ఉన్న తెల్లచొక్కా మనిషి, జామకాయలు అమ్ముకునేవాడు.

"ఎండలో నిలబడొద్దు నాయనా, ఇంటికి పో" అంది వాడితో, కొడుకే అనుకుని. "ఆ యమ్మకు మందులు మానిపించొద్దు."

"ఈడుండానమ్మా" అనడానికి జకరయ్య నోరు తెరిచాడు. ఏ ముఖం పెట్టుకుని అనాలో తెలియలేదు.

జామకాయలవాడు ఆమెను ఎగాదిగా చూసి, పాపం అనుకున్నాడేమో, "సరేమ్మా, పోయిరా" అన్నాడు.

బస్సు కదిలింది.