టిలో వెనక కూర్చున్న రోజు

రోటెన్‌బాఖ్ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు అయిదో డివిజన్ నుంచి కూడా కిందికి జారిపోయేలా ఉంది. అయినా సొంత మైదానంలో ఆట ఉన్న ప్రతి శనివారం ఎకార్ట్ వెళ్ళేవాడు. గోలు వెనక మెట్ల మీద, ఎడమ చివర, పాత స్నేహితుడు ఊలీ పక్కన నిలబడేవాడు. కుడి చివర టిలో అనే కుర్రాడు నిలబడేవాడు. ఎకార్ట్‌కీ అతనికీ మధ్య ఊరి జనమంతా ఉండేవారు. ఆరేళ్ళుగా వాళ్ళకు మాటల్లేవు.

అంతకుముందు ఎకార్ట్ కొడుకు ఫాల్క్, టిలో కలిసి మంచుబండి పందేలకు వెళ్ళేవారు. ఊరి పైన అడవిలో, కొండ మీంచి కింది దాకా మెలికలు తిరిగిన మంచు కాలువ ఉంది. టిలో ముందు కూర్చుని బండి నడిపేవాడు, ఫాల్క్ వెనక కూర్చునేవాడు. ఒక సాధన పరుగులో, తొమ్మిదో మలుపు దగ్గర బండి తిరగబడింది. టిలోకి భుజం విరిగింది. ఫాల్క్ మెడ విరిగి చనిపోయాడు. విచారణ జరిపినవాళ్ళు ఎవరి తప్పూ లేదని తేల్చారు. ఎకార్ట్ నమ్మలేదు. నమ్మకపోవడానికి అతని దగ్గర ఆధారమూ లేదు.

టిలో పందేలు మానేశాడు. చలికాలమంతా అదే కాలువలో, సరదాకి వచ్చే పర్యాటకుల్ని ఎక్కించుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, మైదానమంతా బురదగా ఉన్న రోజు, మన డిఫెండర్ మళ్ళీ బంతి వదిలేశాడు. "మా అమ్మమ్మ చేతికర్రతో వచ్చినా నిన్ను దాటిపోద్దిరా!" అని ఊలీ అరిచాడు. చుట్టుపక్కల అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే, తన అక్క కొడుకు మొన్న టిలో బండెక్కాడనీ, దిగాక కూడా వాడికి నవ్వు ఆగలేదనీ నోరు జారి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. ఎకార్ట్ సగం తిన్న సాసేజ్ రొట్టె చెత్తడబ్బాలో పడేసి, ఆట ముగియకముందే ఇంటికి వెళ్ళి, ఆ బండిలో తన పేర ఒక సీటు రాయించుకున్నాడు.

భార్య జీగ్రున్ బంగాళాదుంపలు ఒలుస్తూ విన్నది.

"వాణ్ణి చూడ్డానికా, ఆ చోటు చూడ్డానికా?"

"తెలీదు."

"వాణ్ణి మాత్రం ఏమీ చెయ్యకు" అందామె. వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

ఆదివారం కొండ మీద లైప్‌జిగ్ నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి ఉంది. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. టిలో ఎకార్ట్‌ని చూసి, చేతి తొడుగులు సగం వేసుకుని ఆగిపోయాడు.

"మీ వయసుకి ఇది మంచిది కాదు ఎకార్ట్ గారూ. నడుం పట్టేస్తుంది."

"వాడెక్కడ కూర్చునేవాడు?"

టిలో తన సీటు వెనక చోటు చూపించాడు. ఎకార్ట్ అక్కడ కూర్చున్నాడు. ఒకప్పుడు తన వంటింట్లో కూర్చుని చారు తాగిన కుర్రాడి వీపు ఇప్పుడు అతని మోకాళ్ళ మధ్య ఉంది.

తొమ్మిదో మలుపును కళ్ళారా చూడాలనే అతను వచ్చాడు. మలుపులు లెక్కపెట్టుకుంటూ ఉండాలనుకున్నాడు. మూడు దాకా లెక్క నిలిచింది. ఆ తర్వాత ఏదో బరువు తలను గుండెల మీదికి అదిమేసింది. ఊపిరి అందలేదు. తన మోకాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఇనుము మంచును గీసే మోత తప్ప ఏమీ వినిపించలేదు. అంతలోనే బండి ఆగిపోయింది. వెనక లైప్‌జిగ్ అమ్మాయి పగలబడి నవ్వుతోంది.

వాళ్ళు ఫోటో దిగడానికి వెళ్ళాక ఎకార్ట్ అడిగాడు.

"తొమ్మిదోది ఏది?"

"దాటిపోయింది."

"నాకు తెలియనే లేదు."

"వాడికీ తెలిసుండదండీ. వెనకవాడు తల దించుకునే ఉంటాడు."

"మరి నీకు?"

టిలో కాలువ వైపు తిరిగాడు. "నాకు తెలిసింది. బండి తిప్పే తాడు లాగడం ఆలస్యం చేశాను. కొంచెమే. విచారణలో ఆ మాట చెప్పలేదు."

ఎకార్ట్ ఆరేళ్ళుగా వినాలనుకున్న మాట అదే. వింటే ఏం చెయ్యాలో కూడా ఎన్నోసార్లు అనుకున్నాడు. ఇప్పుడు గడ్డం కింద హెల్మెట్ పట్టీ కూడా ఊడదియ్యలేకపోయాడు. టిలో దగ్గరికొచ్చి దాన్ని విప్పాడు. చిన్నపిల్లాడిలా ఎకార్ట్ గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. తర్వాత బస్సెక్కాడు.

ఫాల్క్‌కి ఏమీ తెలియలేదని ఇంటికొచ్చి జీగ్రున్‌కి చెప్పాడు. ఆమె కుర్చీలో కూలబడి చాలాసేపు ఏడ్చింది. ఆరేళ్ళలో అంత తేలికగా ఆమె ఏడవడం అతను చూడలేదు.

"ఇంకేమన్నాడు?"

"ఇంకేం అనలేదు."

తర్వాతి శనివారం నడుం నొప్పితోనే మైదానానికి వెళ్ళాడు. కుడి చివర చోటు ఖాళీగా ఉంది. అటే చూస్తుంటే ఏంటని ఊలీ అడిగాడు. ఏం లేదన్నాడు. రెండో సగం మొదలయ్యాక టిలో వచ్చి తన చోట నిలబడ్డాడు. ఎకార్ట్ వైపు చూసి చెయ్యి కొంచెం పైకెత్తాడు.

ఎకార్ట్ చూశాడు. చూసి, మైదానం వైపు మొహం తిప్పుకున్నాడు. అక్కడ మన గోల్‌కీపర్ వంగి వలలోంచి బంతి తీస్తున్నాడు.