రెండో బ్రేకు

డ్రైవింగు స్కూలు ముందుగదిలో, బల్ల మీద ఒక బొమ్మ రోడ్డు ఉంది. నల్లటి అట్ట, దాని నడుమ తెల్లగీత, గీతకు అటూ ఇటూ గుప్పిట్లో ఇమిడే చిన్న కార్లు. కొత్తగా చేరినవాళ్లకు ఆమె ఎన్నో ఏళ్లపాటు ఆ బల్ల దగ్గరే నిలబడి పాఠం చెప్పింది. "గీత దాటినవాడిదే తప్పు. ఎందుకు దాటావో దేవుడికి చెప్పుకో, ఎదుటివాడికి చెప్పకు" అనేది. ఇప్పుడు అదే బల్ల ముందు చక్రాల కుర్చీలో కూర్చుని, తానే పాఠం అప్పజెప్పవలసి వచ్చింది.

"మళ్లీ పెట్టు" అన్నాడు భర్త.

ఆమె నీలంకారును గీతకు అవతలివైపు పెట్టింది. అది తమ కారు, స్కూల్లో నేర్పే కారే.

అందరూ మాస్టారని పిలిచే ఆమె భర్త దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇవతలికి జరిపాడు. తరువాత ఎర్రకారును గీత దాటించి నీలంకారు ముక్కుకు ఆనించాడు. ఎర్రది ప్రమాదం జరిగిన సాయంత్రం ఎదురుగా వచ్చిన కారు. దాన్ని నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు.

"వాడు గీత దాటాడు, మనం మన దారిలో ఉన్నాం. ఇంత చిన్న ముక్క నోటికి రాదేం? నీ దగ్గర నేర్చుకున్న మొద్దులే నయం."

"వాళ్లకు ఉన్నది ఉన్నట్టు నేర్పానండీ. అందుకే తొందరగా వచ్చింది."

జరిగింది ఇది. ముందు వెళుతున్న లారీని దాటాలని మాస్టారు మలుపులో గీత అవతలికి పోయాడు. రెండు కార్లూ ముఖాముఖి గుద్దుకున్నాయి. మాస్టారికి మెడ ఎముక విరిగి అతుక్కుంది. ఆమెకు రెండు కాళ్లూ మోకాళ్ల కింద నలిగిపోయాయి. ఇంకొక ఆపరేషను చేస్తే చేతికర్రల సాయంతో నిలబడగలదని డాక్టరు చెప్పాడు. అది జరగాలంటే నష్టపరిహారం రావాలి. పరిహారం చనిపోయినవాడి ఇన్సూరెన్సు నుంచి రావాలంటే, తప్పు చనిపోయినవాడిదే కావాలి.

స్కూల్లో ఆమెను బ్రేకు మేడమ్ అనేవారు. నేర్పే కారుకు రెండు బ్రేకులుంటాయి. ఒకటి నడిపేవారి కాలికింద, రెండోది పక్కసీట్లో కూర్చున్న టీచరు కాలికింద. ఆ రెండో బ్రేకుతో ఆమె ఎన్ని గోడలను, ఎన్ని కోళ్లను, ఎందరు సైకిలువాళ్లను కాపాడిందో లెక్క లేదు. కానీ మాస్టారు నడుపుతున్నప్పుడు దాన్ని ముట్టకూడదన్నది ఆ ఇంటి శాసనం. ఒకసారి ఆమె తొక్కినందుకు శిష్యులందరి ఎదుట, "నేనూ నీ దగ్గర నేర్చుకుంటున్నాననుకున్నావా? ఇంకోసారి కాలు పెడితే ఆ సీట్లో కూర్చోనివ్వను" అన్నాడు. శిష్యులు నవ్వారు. పరువు కోసం ఆమె కూడా నవ్వింది. అప్పటినుంచి అతను నడిపినంతసేపూ కాళ్లు వెనక్కి ముడుచుకుని కూర్చునేది. లారీ పక్కనుంచి ఎదురుకారు దీపాలు కనిపించినప్పుడు కూడా ఆమె కాళ్లు అలాగే ముడుచుకుని ఉన్నాయి.

ప్లీడరు మాస్టారి పాత శిష్యుడు. మాస్టారి మీద పోలీసులు పెట్టిన కేసూ అతనిదే, ఆమె పరిహారం కేసూ అతనిదే. "ఒక ఇంటికి ఒక ప్లీడరు చాలదూ?" అన్నది అత్తగారు. ఇంట్లోవాళ్ల దారులు కలిసి నడిచినంతకాలం ఆ మాట నిజమే.

ఒకరోజు ఆమె అతణ్ని సూటిగానే అడిగింది. "ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏమవుతుందండీ?"

"అప్పుడు మీ కారు ఇన్సూరెన్సువాళ్లు మీకు ఇవ్వాలమ్మా. కాకపోతే మాస్టారికి లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు."

"మీరు నా ప్లీడరా, ఆయన ప్లీడరా?"

"అదేం మాటమ్మా! భార్యాభర్తలన్నాక..."

ఆ వాక్యాన్ని అతను పూర్తిచేయలేదు. అలాంటి వాక్యాలను పూర్తిచేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

అత్తగారికి ఆ మొహమాటం లేదు. కోడలి జుట్టు చిక్కు తీస్తూ చెప్పింది. "చచ్చినవాడు సాక్ష్యానికి లేచొస్తాడా? వీడి లైసెన్సు పోతే స్కూలు మూత. అప్పుడు నిన్ను ఎత్తి మంచం మీద వేసేదెవరే? ఆ చచ్చినవాడి తల్లి వస్తుందా?" ఆమె దుర్మార్గురాలు కాదు. పుండ్లు పడకుండా రోజూ కోడలిని అటూ ఇటూ పొర్లించేది, విసుక్కోకుండా దుప్పట్లు మార్చేది. ఆ సేవే కోడలి నోటికి తాళమైంది. స్నానాల గది గుమ్మంలో కుర్చీ పట్టదు. వీధి గడప దాటాలంటే ఇద్దరు మోయాలి. దాహం వేసినా ఒకరిని పిలవాలి. పిలిస్తే పలికేవాళ్లకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో కాళ్లున్నవాళ్లకు తెలియదు.

సాక్ష్యం చెప్పవలసిన ఉదయం ఆమె అబద్ధానికే సిద్ధపడి బయలుదేరింది.

కోర్టు హాలు మేడ మీద ఉంది. మాస్టారూ, ఒక జవానూ కుర్చీని మెట్లమీదుగా పైకి చేర్చారు. వరండా బెంచీ మీద, కళ్లజోడు పెట్టెను ఒళ్లో పట్టుకుని, ఒక ముసలామె నిటారుగా కూర్చుని ఉంది. చనిపోయినవాడి తల్లి. ముసలామె చాలాసేపు బ్రేకు మేడమ్ కాళ్లవంక చూసింది.

"నొప్పిగా ఉంటుందా అమ్మా?"

"ఉంటుందండీ."

"మావాడు మెల్లగా నడిపేవాడు. ఎద్దుబండి నయంరా అని నేనే ఎగతాళి చేసేదాన్ని."

బ్రేకు మేడమ్ చీర అంచును కాళ్లమీదికి లాక్కుంది. ఇంతలో లోపలినుంచి పిలుపు వచ్చింది.

ఎదుటిపక్షం ఇన్సూరెన్సు ప్లీడరు సన్నగా, దగ్గుతూ లేచాడు. గీతను గురించి అడుగుతాడని ఆమె అనుకుంది. అతను అది అడగలేదు.

"మీరు డ్రైవింగు నేర్పుతారు కదూ?"

"నేర్పేదాన్నండీ."

"ఆ రోజు మీరు కూర్చున్నది నేర్పేవాళ్ల సీటు. మీ కాలికింద బ్రేకుంది. అంటే మీరు ప్రయాణికురాలు కాదు, సగం డ్రైవరు. మరి ఎందుకు తొక్కలేదు?"

బొమ్మ రోడ్డు మీద ఈ ప్రశ్న లేదు. ఆమె తన ప్లీడరువైపు చూసింది. అతను అప్పటికే లేచి నిలబడ్డాడు.

"తొక్కలేదని ఎవరన్నారండీ? ఆవిడ భయపడి తొక్కే ఉండొచ్చు. అంత వేగంలో హఠాత్తుగా తొక్కితే కారు పక్కకు లాగేసి గీత దాటుతుంది. ఇందులో మాస్టారి తప్పేమీ లేదని మనవి."

ఆమె భర్తవైపు చూసింది. అతను చెప్పులవంక చూసుకుంటున్నాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు. తప్పు చచ్చినవాడి మీద నిలవకపోతే నడవలేనిదాని మీద వేయాలని వాళ్లిద్దరూ ముందే అనుకున్నారని ఆమెకు అర్థమైంది.

జడ్జిగారు కలం కింద పెట్టింది. "ప్లీడరుగారూ, మీరు ఎవరి తరఫు?"

"ఈవిడ తరఫేనండీ."

"తప్పు ఈవిడదేనని ఈవిడ తరఫునే చెప్తున్నారా? ఇంకా నయం, ఎదుటివాళ్లు మిమ్మల్ని పెట్టుకోలేదు."

వెనక బెంచీలలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నన్ను చెప్పనివ్వండమ్మా" అన్నది బ్రేకు మేడమ్. "నేను బ్రేకు తొక్కలేదు. ఆయన నడిపేటప్పుడు తొక్కకూడదని ఆయన ఆజ్ఞ. నా కాళ్లు సీటుకింద ముడుచుకుని ఉన్నాయి. లారీని దాటబోయి గీత అవతలికి వెళ్లింది మా కారు. ఆ అబ్బాయి తన దారిలో తాను వస్తున్నాడు."

"ఏయ్! ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?" మాస్టారు లేచాడు.

"కూర్చోండి" అన్నది జడ్జిగారు. చెప్పినదంతా రాయించింది. ఆమెకు వేరే ప్లీడరు కావాలంటే కింది అంతస్తులోని ఉచిత న్యాయసహాయం గదిలో అడగవచ్చనీ, అంతవరకు కేసు వాయిదా వేస్తున్నాననీ చెప్పింది.

"కావాలండీ."

గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు. "నోటీసులు ఏ చిరునామాకు పంపాలి?"

ఆమె క్షణం తటపటాయించింది. ఎంత వెతికినా ఇంకొక చిరునామా తట్టలేదు. "అదే ఇల్లండీ. నా చేతికే ఇవ్వాలని రాయండి."

హాలు గుమ్మం దగ్గర అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "కట్టుకున్నవాణ్ని నట్టేట ముంచావు కదే! ఇక ఇంటికి రావడానికి నీకు ముఖమెలా చెల్లుతుంది?"

"ముఖం చెల్లుతుందత్తయ్యా, కాళ్లే చెల్లవు. మెట్లు దింపించండి."

అత్తగారు విసురుగా దిగి వెళ్లిపోయింది. బెంచీ మీది ముసలామె లేచి నిలబడింది, రెండు అడుగులు వేసింది, మాస్టారిని చూసి ఆగిపోయింది.

మాస్టారూ, జవానూ కుర్చీని పట్టుకుని దింపసాగారు. మెట్లు మలుపు తిరిగేచోట, చదునుగా ఉన్న జాగాలో, "ఇక నేను చూసుకుంటా, నువ్వెళ్లు" అని మాస్టారు జవానును పంపేశాడు. తరువాత కుర్చీ వదిలేసి కిందిమెట్టు మీద నిలబడ్డాడు.

"తిరిగి పైకి పోదాం. భయంలో ఏదో అన్నానని చెప్పు. చెప్తానంటే ఎత్తుతా. లేదంటే ఇక్కడే ఉండు."

ఆమె కిందికి చూసింది. న్యాయసహాయం గది తలుపు తెరిచే ఉంది. లోపల ఒక ఖాళీ కుర్చీ, తిరుగుతున్న ఫ్యాను కనిపిస్తున్నాయి. ఆ గదికి, ఆమెకు మధ్య ఉన్నవి మెట్లే. పైకి వెళ్లేవాళ్లు, కిందికి వచ్చేవాళ్లు ఆ కుర్చీని తప్పించుకుంటూ ఫైళ్లు పట్టుకుని పోతున్నారు. ఎవరూ ఆగలేదు. భార్యాభర్తల మాటలనుకున్నారు.

"ఏమంటావ్?"

"కోర్టు మూసేవేళకైనా ఎవరో ఒకరు దింపకపోరు" అన్నదామె. "మీరు పదండి. అత్తయ్య ఎండలో నిలబడ్డారు."